గోదావరి డెల్టా గ్రామాల పాత రెవెన్యూ రికార్డులను వెతికి సంపాదించే విధానం: సమగ్ర మార్గదర్శి

గోదావరి డెల్టాలోని ఒక ఊరి గురించో, ఒక చేను గురించో, ఒక గుడి మాన్యం గురించో నూరు, నూట యాభై ఏళ్లనాటి ప్రభుత్వ కాగితం దొరికే అవకాశం చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువగానే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి రెవెన్యూ శాఖ రాతకోతలకు పెట్టింది పేరు. కాలువ కింద ప్రతి సెంటుకూ శిస్తు కట్టించుకున్న శాఖ ప్రతి సెంటుకూ లెక్క రాసుకుంది. అయినా వెతికేవారిలో ఎక్కువమంది ఉత్త చేతులతో తిరిగి వస్తున్నారంటే, ఆ కాగితం ఏ కార్యాలయంలో పుట్టిందో, ఆ కార్యాలయం తరువాత దేనిలో కలిసిందో, ఏ నంబరుతో భద్రమైందో తేల్చుకోకుండానే రికార్డు రూం గుమ్మం ఎక్కడం అందుకు ముఖ్య కారణం. కాబట్టి ఈ మార్గదర్శిలో సగభాగం కార్యాలయానికి వెళ్లకముందు ఇంట్లో కూర్చుని చేయవలసిన పని గురించే ఉంటుంది.

1. ఏ కాగితం కావాలో ముందుగా నిర్ణయించుకోవడం

"మా ఊరి పాత రికార్డులు కావాలి" అని అడిగితే ఏ గుమస్తా అయినా చేతులెత్తేస్తాడు. రెవెన్యూ శాఖలో కాగితాలు ప్రధానంగా రెండు జాతులు. మొదటిది శాశ్వత రిజిస్టర్లు, పటాలు: సెటిల్‌మెంట్ (భూములకు శిస్తు నిర్ణయించడం) రిజిస్టర్, దాని ద్విభాషా రూపమైన డైగ్లాట్, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ (ఆర్.ఎస్.ఆర్.), ఇనాం ఫెయిర్ రిజిస్టర్, ఫీల్డు కొలతల పుస్తకం (ఎఫ్.ఎం.బి.), గ్రామ పటం, ఎస్టేటు (జమీందారీ) గ్రామాలకైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. రెండవది ఉత్తర ప్రత్యుత్తరాల ఫైళ్లు: దర్ఖాస్తు మీద భూమి ఇచ్చిన ఫైలు, లంక భూముల కౌలు ఫైలు, కాలువ తవ్వకానికి భూమి తీసుకున్న ఫైలు, అప్పీళ్లు, కలెక్టరు ప్రొసీడింగ్సు (ఉత్తర్వులు), రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సు, జీవోలు. రిజిస్టరు కావాలంటే గ్రామం పేరు, సర్వే నంబరు ఉంటే చాలు. ఫైలు కావాలంటే మాత్రం దాని నంబరు, సంవత్సరం లేకుండా అడుగు ముందుకు పడదు. అందువల్ల ముందు రిజిస్టరు సంపాదించి, అందులోని రిమార్కుల గడిలో కనిపించే ఫైలు నంబరును పట్టుకుని ఫైలుకు వెళ్లడమే సరైన క్రమం.

2. ఊరి పాలనా వంశావళి రాసుకోవడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. డెల్టా గ్రామాలు ఉన్నచోటనే ఉన్నాయి గాని, వాటి జిల్లాలు మారుతూ వచ్చాయి. పాత సూచికలో మీ ఊరు నేటి జిల్లా పేరు కింద ఉండదు.

1859 వరకు ఈ ప్రాంతం రాజమండ్రి, మచిలీపట్నం జిల్లాలుగా ఉండేది. ఆ ఏడాది జరిగిన మార్పుల్లో రాజమండ్రి జిల్లా గోదావరి జిల్లా అయింది, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు కలిసి కృష్ణా జిల్లా అయ్యాయి. 1904లో గోదావరికి పడమట ఉన్న ఏలూరు, తణుకు, భీమవరం, యర్నగూడెం తాలూకాలు, నగరం లంక మినహా నరసాపురం తాలూకా, గోదావరి జిల్లా నుంచి కృష్ణా జిల్లాకు వెళ్లాయి. 1925లో కృష్ణా జిల్లాను విభజించి పశ్చిమ గోదావరి జిల్లాను ఏర్పరచినప్పుడు పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ మారి, కోనసీమకు అమలాపురం, పశ్చిమ గోదావరికి భీమవరం, ఏలూరు జిల్లాకు ఏలూరు, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, కాకినాడ జిల్లాకు కాకినాడ కేంద్రాలయ్యాయి.

దీన్ని ఒక ఉదాహరణకు అన్వయించి చూడాలి. నరసాపురం తాలూకాలోని ఒక గ్రామంలో కాలువ గట్టు పోరంబోకు గురించి 1898లో ఒక తగాదా నడిచి, 1911లో తిరిగి తలెత్తి, 1931లో తేలిందనుకుందాం. మొదటి కాగితం గోదావరి జిల్లా సూచికలోనూ, రెండవది కృష్ణా జిల్లా సూచికలోనూ, మూడవది పశ్చిమ గోదావరి సూచికలోనూ ఉంటాయి. భీమవరం కలెక్టరేట్‌లో మాత్రమే అడిగినవారికి ఈ మూడింటిలో ఏదీ దొరకకపోవచ్చు. అలాగే కోనసీమ గ్రామం గురించి 2022కు ముందు కలెక్టరు స్థాయిలో నడిచిన ఫైలు కోసం వెతుకులాట కాకినాడలో మొదలవ్వాలి, పశ్చిమ డెల్టా గ్రామాలకైతే ఏలూరులో మొదలవ్వాలి.

ఒక తెల్లకాగితం తీసుకుని, ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు ఆయా కాలాల్లో మీ ఊరి జిల్లా, తాలూకా, ఫిర్కా (తాలూకాలో కొన్ని గ్రామాల విభాగం) పేర్లు రాసుకోవాలి. దాని పక్కనే ఇంగ్లీషు రికార్డుల్లో ఆ పేర్లను ఎలా రాసేవారో కూడా రాసుకోవాలి: కాకినాడను కొకనాడ అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ, మచిలీపట్నాన్ని మసూలిపటం అనీ, కృష్ణాను కిస్ట్నా అనీ రాశారు. అక్షరక్రమంలో ఉన్న సూచికలో కృష్ణా ఒక చోట, కిస్ట్నా మరో చోట ఉంటాయి. యానాం పొలిమేర గ్రామాలవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి: యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది, ఆ తరువాత పుదుచ్చేరి పాలనలోకి వచ్చింది, కాబట్టి సరిహద్దుకు ఆవలి భూమి కాగితాలు ఆంధ్ర రెవెన్యూ రికార్డుల్లో ఉండవు.

3. భూమి ఏ తరహాదో తేల్చుకోవడం

ఊరు రైతువారీదా (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేది), జమీందారీదా, ఇనాందా (శిస్తు లేకుండానో తగ్గించో దానంగా ఇచ్చినది) అన్నది తేలితే సగం దారి తేలినట్టే.

రైతువారీ గ్రామాలకు 1860ల దశకంలో జరిగిన సర్వే, సెటిల్‌మెంట్ల నుంచి రిజిస్టర్లు ఉంటాయి. జమీందారీ గ్రామాల సంగతి వేరు. 1802-03లో అమలైన శాశ్వత శిస్తు పద్ధతిలో ప్రభుత్వం జమీందారు దగ్గర పేష్కషు (ఏటా కట్టే స్థిరమైన కప్పం) మాత్రమే వసూలు చేసుకునేది. రైతుల పేర్లు, చేల లెక్కలు ఎస్టేటు కచేరీలో ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద గ్రామాలు ప్రభుత్వ స్వాధీనమైన తరువాతనే అక్కడ రైతువారీ సెటిల్‌మెంట్ జరిగి, పట్టాలిచ్చి, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ తయారుచేశారు. ఆ ఊళ్లకు అంతకుముందు నాటి డైగ్లాట్ కోసం వెతకడం వృథా శ్రమ.

ఇనాం భూములకు ఇనాం ఫెయిర్ రిజిస్టరే మూలం. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ అగ్రహారాలను, దేవాలయ మాన్యాలను, వృత్తి మాన్యాలను విచారించి, ధ్రువీకరించిన ప్రతి ఇనాంకూ టైటిల్ డీడ్ నంబరు ఇచ్చింది. ఇప్పటికీ దస్తావేజుల్లో కనిపించే టి.డి. నంబరు అదే. అగ్రహారాలు, గుడి మాన్యాలు దట్టంగా ఉన్న కోనసీమకు దీన్ని మించిన ఆధారం లేదు. భూమి విస్తీర్ణం, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అన్న వివరాలతో పాటు విచారణనాటికి అనుభవిస్తున్నవారి పేర్లు, వయసులు, మూలపురుషునితో వారి సంబంధం కూడా అందులో రాశారు. భూమితో నిమిత్తం లేకుండా వంశచరిత్ర రాసుకోవాలనుకునేవారు సైతం దీన్ని తప్పక చూడాలి. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం కింద జరిగిన విచారణ ఫైళ్లను దీనితో కలిపి చదివితే మాన్యం చివరికి ఎవరి పేరుకు మారిందో తెలుస్తుంది.

ఇక లంక భూములు. గోదావరి ఒక గట్టును కోసి మరో గట్టున మేట వేస్తుంది కాబట్టి లంకల విస్తీర్ణం ఏ రెండు రికార్డుల్లోనూ ఒకేలా ఉండకపోవచ్చు. దీన్ని చూసి దొంగలెక్క అని తొందరపడి తేల్చకుండా, ఆయా సంవత్సరాల లంక కొలతల, కౌలు ఫైళ్లను వరుసగా చూడాలి. వరదల తరువాత, ప్రత్యేకించి 1986 ఆగస్టు నాటి మహా వరద తరువాత, కోతకు గురైన భూముల గురించి నడిచిన ఫైళ్లు లంక గ్రామాలవారికి ప్రాణావసరం.

4. మండల స్థాయిలో దొరికేవి సంపాదించడం

ప్రభుత్వ వెబ్‌సైటు మీ భూమి పోర్టల్‌లో ఈనాటి అడంగల్ (చేలవారీ సాగు లెక్క), 1బి (పట్టాదారువారీ భూమి లెక్క) చూసి సర్వే నంబరును ఖాయం చేసుకోవాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్శిల్ నంబర్లు వచ్చాయి. అలాంటి గ్రామమైతే కొత్త నంబరుకు పాత నంబరేదో చూపే వివరాన్ని ముందుగా తీసుకోవాలి, లేకపోతే వెనక్కి వెళ్లే దారి అక్కడే తెగిపోతుంది.

తరువాత తహసీల్దారు కార్యాలయంలో ఆర్.ఎస్.ఆర్. పుటకు, పాత అడంగళ్లకు ధ్రువీకృత నకళ్లు అడగాలి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు వారి ఇళ్లలోని గ్రామ లెక్కలు ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది; మరుసటి ఏడాది తాలూకా రికార్డులు మండలాలకు పంపకమయ్యాయి. ఈ రెండు పంపకాల్లో కొన్ని పుస్తకాలు పక్క మండలానికి చేరాయి. కాబట్టి మీ మండలంలో లేదన్నంత మాత్రాన ఆశ వదులుకోకుండా, పాత తాలూకా కేంద్రంలోని కార్యాలయంలో, ఆర్డీవో కార్యాలయంలో కూడా అడగాలి. ఎఫ్.ఎం.బి., గ్రామ పటాలకు జిల్లా సర్వే, భూరికార్డుల కార్యాలయం వేరుగా ఉంది.

చేతికొచ్చిన ఆర్.ఎస్.ఆర్. పుటను నిదానంగా చదవాలి. ఎడమ నుంచి సర్వే నంబరు, సబ్‌డివిజన్, పాత నంబరు, ప్రభుత్వ భూమా ఇనామా, మెట్టా మాగాణా, నీటి వనరు, నేల తరగతి, తరం (శిస్తు రేటు శ్రేణి), ఎకరా రేటు, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు, రిమార్కులు అన్న గడులు సాగుతాయి. పట్టాదారు పేరుండవలసిన చోట పేరు లేకుండా వరుసగా చుక్కలు మాత్రమే ఉండటం చాలా చోట్ల కనిపిస్తుంది. చుక్కల భూములన్న మాట అక్కడి నుంచే వచ్చింది. వీటిని రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో చేర్చడంతో అనేక కుటుంబాలు దశాబ్దాలుగా సాగు చేసుకుంటున్న చేలను అమ్ముకోలేకపోయాయి. ఈ చిక్కు తీర్చడానికే 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. చుక్కలు కనిపించినప్పుడు అదే సర్వే నంబరుకు ముందునాటి డైగ్లాట్‌నూ, తరువాతి పాత అడంగళ్లనూ జతచేసి చూడడం తప్పనిసరి.

లెక్కల్లోని సంవత్సరాలు ఫసలీలో (రెవెన్యూ సంవత్సరం) ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1342 అంటే 1932 జూలై 1 నుంచి 1933 జూన్ 30 వరకు. పాత కరణాల గొలుసుకట్టు రాత, తెలుగు అంకెలు, భిన్నాల గుర్తులు, పుట్టి, తూము, కుంచాల కొలతలు మొదట కంగారుపెడతాయి. పేర్లు తెలిసిన పట్టాలను ముందుగా చదివి, అందులోని అక్షరాల తీరు పట్టుకుంటే తెలియనివి కూడా క్రమంగా విడతాయి. ఊళ్లో పాత లెక్కలు చదవగల పెద్దలుంటే వారి దగ్గర కూర్చుని నేర్చుకోవడం ఉత్తమం.

5. ఫైలు నంబరును చదవడం

ప్రొసీడింగ్సు పైభాగాన ఉండే నంబరులోనే ఫైలు భవిష్యత్తు రాసి ఉంటుంది. "ఆర్.సి. 2140/57-బి5" అనే నంబరును తీసుకుంటే, 2140 ఆ ఏడాది వరుస సంఖ్య, 57 అంటే 1957, బి5 అంటే బి సెక్షన్‌లోని అయిదవ సీటు. ఫైలు ముగిసినప్పుడు దానికి డిస్పోజల్ గుర్తు వేస్తారు. ఆర్.డిస్. అని ఉంటే శాశ్వతంగా ఉంచవలసిన ఫైలు, డి.డిస్. అయితే పదేళ్లు, కె.డిస్. అయితే మూడేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది ఉంచి ధ్వంసం చేయవచ్చు, ఎన్.డిస్. అంటే అసలు కాగితమే పంపినవారికి తిరిగి వెళ్లిందని అర్థం. 1957 నాటి ఎల్.డిస్. ఫైలు కోసం తిరగడం కాలహరణం. ఆర్.డిస్. అయితే మాత్రం లేదనే సమాధానాన్ని సులభంగా ఒప్పుకోకూడదు.

అంతకన్నా విలువైనవి విషయం కింద ఉండే సూచికలు. తహసీల్దారు నివేదిక నంబరు, ఆర్డీవో లేఖ, బోర్డు ప్రొసీడింగ్సు, జీవో నంబరు తేదీలతో సహా అక్కడ వరుసగా ఉంటాయి. ఒక్క ప్రొసీడింగ్సు దొరికితే వాటి ద్వారా మరో నాలుగు కార్యాలయాలకు దారి దొరుకుతుంది. కాబట్టి నకలు తీసుకునేటప్పుడు చివరి ఉత్తర్వు పుట ఒక్కటే కాకుండా మొదటి పుటను తప్పక తీసుకోవాలి.

6. కలెక్టరేటు రికార్డు రూంలో

రికార్డు రూంలో ఫైళ్లు గ్రామాలవారీగా ఉండవు. సంవత్సరం, డిస్పోజల్ రకం, నంబరు వరుసలో కట్టలు కట్టి, కట్ట మీద మొదటి, చివరి నంబర్లు రాసి బీరువాలలో పెడతారు. నంబరు తెలియనివారు ఆ ఏడాది పర్సనల్ రిజిస్టరునూ (ఒక్కో గుమస్తా తన దగ్గరికి వచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకం), డిస్పోజల్ రిజిస్టరునూ చూడనివ్వమని అడగాలి. వాటిలో విషయం గడిలో గ్రామం పేరుంటుంది.

పాత ఫైలును విప్పితే రెండు భాగాలు కనిపిస్తాయి. వచ్చిన లేఖలు, వాంగ్మూలాలు, స్కెచ్చులు, పంపిన ఉత్తర్వుల ఆఫీసు కాపీలు కరెంట్ ఫైలు. గుమస్తా రాసిన వివరణ, దాని కింద హెడ్డు గుమస్తా అభిప్రాయం, ఆ కింద అధికారి పొడి అక్షరాల సంతకంతో నిర్ణయం ఉండేది నోట్ ఫైలు. చాలామంది ఉత్తర్వు నకలుతో తృప్తిపడతారు. నా దృష్టిలో నోట్ ఫైలే అసలు చరిత్ర. కాలువ చివరి చేలకు నీరందడం లేదన్న అర్జీని ఎందుకు తోసిపుచ్చారో ఉత్తర్వులో ఒక్క వాక్యం ఉంటుంది. ఏ గ్రామం వారి ఒత్తిడి, ఏ ఇంజనీరు అభ్యంతరం, ఎంత శిస్తు తగ్గుతుందన్న లెక్క ఆ వాక్యం వెనుక ఉన్నాయో నోట్ ఫైలు చెబుతుంది. డెల్టా రైతు బతుకు ప్రభుత్వ భాషలో నమోదైన చోటు ఇదేనని నమ్ముతాను, అందుకే దీన్ని వదలవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

తేమ తగిలిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే బలవంతంగా విడదీయకూడదు. వేలు తడి చేసుకుని పుటలు తిప్పకూడదు. కాగితాల వరుస మార్చకూడదు. ఫోటో తీయడానికి అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకుని, ప్రతి ఫోటోలో పుట సంఖ్య కనిపించేలా తీయాలి.

7. బోర్డు, సచివాలయం, రాజ్యాభిలేఖాగారాలు

కలెక్టరుకు పైన 1786 నుంచి మద్రాసులో రెవెన్యూ బోర్డు ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో బోర్డును 1977 నాటి చట్టంతో రద్దుచేసి కమిషనర్ల పద్ధతి తెచ్చారు, నేడు ఆ స్థానంలో భూపరిపాలన ప్రధాన కమిషనర్ (సి.సి.ఎల్.ఏ.) కార్యాలయం ఉంది. కాబట్టి బోర్డు ప్రొసీడింగ్సు నంబరు చేతిలో ఉన్నప్పుడు దాని తేదీని బట్టి చోటు నిర్ణయించుకోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బోర్డు, సచివాలయం మద్రాసులో ఉన్నాయి కాబట్టి ఆ కాలపు ప్రొసీడింగ్సుకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ ప్రధాన గమ్యం. పూర్వం మద్రాసు రికార్డ్ ఆఫీసు అన్నది అదే. అక్కడ ఏడాదివారీ ముద్రిత సూచికలున్నాయి. విషయం, స్థలం ఆధారంగా జీవో, బోర్డు ప్రొసీడింగ్సు నంబర్లు పట్టుకోవచ్చు. కంపెనీ కాలపు గోదావరి జిల్లా రికార్డుల సంపుటాలను చరిత్ర పరిశోధకులు హైదరాబాద్ తార్నాకలోని రాజ్యాభిలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) చూసి ఉదహరించారు. ధవళేశ్వరం ఆనకట్ట (1847-1852)కు ముందు డెల్టా పరిస్థితి తెలుసుకోవాలంటే ఆ సంపుటాలే శరణ్యం.

1953, 1956, 2014లలో మూడు సార్లు రాష్ట్రాలు మారి రికార్డులు పంచుకున్నందువల్ల, బయలుదేరే ముందు మీకు కావలసిన శ్రేణి పేరు, సంవత్సరం, నంబరు రాసి, అది ప్రస్తుతం ఎక్కడుందో తెలపమని ఆర్కైవ్స్‌కు లేఖ పంపాలి. గుర్తింపు కార్డు, ఫోటోలు, విద్యాసంస్థ లేదా గెజిటెడ్ అధికారి పరిచయ లేఖ వెంట ఉంచుకోవాలి. రైలు ఛార్జీలు, బస ఖర్చులు భరించి వెళ్లేవారు సూచిక చూడడానికి ఒక పూట కేటాయించి, కావలసిన నంబర్లన్నీ ఒకేసారి రాసి ఇవ్వడం మంచిది.

8. దరఖాస్తు రాసే తీరు

కోర్టులో దాఖలు చేయాలంటే ధ్రువీకృత నకలు కావాలి. దానికి మామూలు నకలు దరఖాస్తు పెట్టుకోవాలి. సమాచారం కోసమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ఏ4 పుటకు 2 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు చేసుకోవాలి. కాగితం వేరే కార్యాలయంలో ఉంటే సెక్షన్ 6(3) కింద అక్కడికి బదిలీ చేయవలసిన బాధ్యత దరఖాస్తు అందుకున్నవారిదే.

దరఖాస్తులో "ఎందుకు", "ఎవరు బాధ్యులు" వంటి ప్రశ్నలు పెట్టకూడదు. "ఫలానా గ్రామం, పాత ఫలానా తాలూకా, సర్వే నంబరు ఇంత, ఆర్.సి. నంబరు ఇంత, తేదీ ఇంత, నోట్ ఫైలు, కరెంట్ ఫైలు రెండింటి నకళ్లు ఇప్పించగలరు, నకళ్లకు ముందు ఫైలును స్వయంగా పరిశీలించే అవకాశం కల్పించగలరు" అని రాస్తే సరిపోతుంది. స్వయంగా పరిశీలిస్తే అవసరమైన పుటలకే డబ్బు కట్టవచ్చు.

9. "రికార్డు అందుబాటులో లేదు" అన్న జవాబు వచ్చినప్పుడు

ఈ జవాబుతో చాలామంది ఆగిపోతారు. అక్కడ ఆగకూడదు. ఫైలును ధ్వంసం చేసి ఉంటే ఆ విషయం ధ్వంసం చేసిన ఫైళ్ల రిజిస్టరులో ఉండాలి. ఆ నమోదు నకలు అడగాలి. వేరే కార్యాలయానికి పంపి ఉంటే ఏ తేదీన, ఏ నంబరుతో పంపారో అడగాలి. రెండూ లేవంటే, ఆర్.డిస్. ఫైలు ఎలా కనిపించకుండా పోయిందన్నది అప్పీలులో లేవనెత్తదగిన అంశమే.

అదే సమయంలో ఆ ఫైలును ఇతర చోట్ల నుంచి తిరిగి కూర్చే ప్రయత్నం మొదలుపెట్టాలి. కలెక్టరు ఉత్తర్వు ప్రతి ఆర్డీవోకు, తహసీల్దారుకు వెళ్లి ఉంటుంది. అప్పీలుకు వెళితే బోర్డులో మరో ప్రతి ఉంటుంది. కాలువకు సంబంధించినదైతే ధవళేశ్వరంలోని జలవనరుల శాఖ కార్యాలయానికి లేఖ నడిచి ఉంటుంది. గుడి మాన్యమైతే దేవాదాయ శాఖ ఆస్తుల రిజిస్టరులోనూ, అమ్మకం జరిగి ఉంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోని ఒకటవ నంబరు పుస్తకంలోనూ ఆ ఉత్తర్వు ప్రస్తావన కనిపిస్తుంది. పాత సివిల్ దావా నడిచిన భూమి అయితే ఎగ్జిబిట్లలో (కోర్టులో దాఖలైన సాక్ష్యపత్రాలు) ధ్రువీకృత నకలు ఉండే అవకాశం ఎక్కువ; దావా నంబరు తెలుసుకుని, తీర్పు చివరనున్న ఎగ్జిబిట్ల జాబితాను ముందుగా చూడాలి.